హ్యాపీ కోడ్

ఏన్కూరు దాటి అడవి వైపు తిరిగే మలుపు దగ్గర హమీద్ ఫోన్ మోగింది. జేబులోంచి తీయకుండానే అతనికి తెలుసు, అది మురళీకృష్ణ. పొద్దున ఎనిమిదికి ఒకసారి చేశాడు, తొమ్మిదిన్నరకి ఒకసారి చేశాడు, ఇప్పుడు మూడోసారి. ఖమ్మంలో చల్లటి గదిలో కూర్చుని జిల్లా మొత్తం టీవీల రోగాలు చూసే సర్వీసు మేనేజరు అతను. ముప్పై ఏళ్లుంటాయి. ఒక్క టీవీ మూత విప్పి ఎరగడు. మర్యాదకు మాత్రం వంక పెట్టడానికి లేదు.

"హమీద్ గారూ, బూరుగుతండా కంప్లైంట్ టికెట్ నలభై ఒకటో రోజండి. బ్రాంచి స్కోరంతా ఆ ఒక్క టికెట్టే తినేస్తోంది. ఇవాళ క్లోజ్ అయిపోవాలండి."

"టీవీ బాగు కాకుండ ఎట్ల క్లోజ్ చేస్తం సార్?"

"కస్టమర్ డ్యామేజ్ అని పెట్టండి. హ్యాపీ కోడ్ తీసుకోండి. అంతే కదా."

"ఆళ్లు ఏం డ్యామేజ్ చెయ్యలేదు సార్."

"మీరు పాతకాలం మనిషండీ," అన్నాడు మురళీకృష్ణ, నొచ్చుకున్నట్టు. "సాయంత్రంలోగా కాకపోతే మీ ఐడీ బ్లాక్ అయిపోతుందండి. నా చేతుల్లో ఏం లేదు. సిస్టమే చేసేస్తుంది."

హమీద్ సరే సార్ అని ఫోన్ జేబులో వేసుకున్నాడు. కంపెనీలో చేరినప్పటి నుంచీ అతనొకటి గమనించాడు. మంచి జరిగితే ఫలానా సారు చేశాడంటారు. చెడు జరిగితే సిస్టమ్ చేసిందంటారు. ఆ సిస్టమ్ అనేవాడు ఏ ఊళ్లో ఉంటాడో తెలిస్తే ఒకసారి వెళ్లి చూసి రావాలని ఉండేది. ఇప్పుడు ఆ కోరిక కూడా పోయింది.

హ్యాపీ కోడ్ అంటే నాలుగంకెలు. మెకానిక్ తన ఫోన్లో పని అయిపోయిందని నొక్కగానే ఇంటివాళ్ల ఫోనుకి ఆ అంకెలు వస్తాయి. వాళ్లు చెబితే మెకానిక్ కొట్టుకోవాలి. దాంతో ఫిర్యాదు మూతపడుతుంది, ఇంటివాళ్లు ఆనందంగా ఉన్నారని కంపెనీ పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఆనందంగా లేనివాళ్లకు ఏ కోడూ లేదు. అలాంటి అంకె ఒకటి కావాలని ఆ కంపెనీలో ఎవరికీ తట్టలేదు.

హమీద్‌కి యాభై మూడేళ్లు. ఏన్కూరు సెంటర్లో వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసిన కొట్టులోనే అతను ఇరవై ఆరేళ్లు టీవీలు బాగుచేశాడు. అప్పటి టీవీకి జబ్బు చేస్తే టీవీయే చెప్పేది. బొమ్మ కుంచించుకుపోతే ఒక జబ్బు, తెర మీద గీత ఒకటే మిగిలితే ఇంకో జబ్బు, లోపల చిటచిటమంటే మరొకటి. మూత విప్పి, దుమ్ము దులిపి, పోయిన ముక్కేదో మార్చి, మళ్లీ బిగించే ముందు మూత లోపలివైపు పెన్సిలుతో తారీఖు, ఇంటివాళ్ల పేరు, తను మార్చిందేమిటో రాసేవాడు. మూడేళ్లకో నాలుగేళ్లకో అదే టీవీ మళ్లీ వస్తే తన రాత తనకే ఎదురయ్యేది. చుట్టుపక్కల తండాల్లో కొన్ని టీవీల కడుపులో అతని చేతిరాత నాలుగైదు వరసలుండేది.

తర్వాత గోడకు తగిలించే టీవీలొచ్చాయి. అవి పోతే పోవడమే. ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి అని చెప్పడానికి ఒక కొట్టు, దానికి కిరాయి దండగ. మూడేళ్ల కిందట కొట్టు ఖాళీ చేసి కంపెనీ ఐడీ తీసుకున్నాడు. నీలం చొక్కా ఇచ్చారు. పని ఏమిటంటే ఇళ్లకు వెళ్లడం, కొత్త టీవీలు బిగించడం, పోయిన టీవీలకు నాలుగు ఫోటోలు తీసి పంపడం. మూత విప్పకూడదు. మూత మీద చిన్న సీలు అతికించి ఉంటుంది, అది చిరిగితే వారంటీ పోయినట్టే. అతని భార్య ఫిర్దోస్ మొదట్లో ఆ నీలం చొక్కా చూసుకుని మురిసిపోయింది. ఇప్పుడు ఉతికి ఆరేసేటప్పుడు ఏమీ అనదు.

టేకు ప్లాంటేషన్ దాటగానే బూరుగుతండా. మిర్చి కోతల రోజులు కావడంతో దారి పొడుగునా కల్లాలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఫిర్యాదు పెట్టిన బాలి ఇంటి ముందు కూడా టార్పాలిన్ పట్టా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆమె ఒక పక్కన కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది. వేపచెట్టు కింద మంచం మీద ఆమె భర్త లాలు పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"రా తమ్మీ," అంది బాలి తలెత్తకుండానే. "ఇయ్యాలన్నా ఏమన్నా చెప్పిండ్రా?"

హమీద్ బండికి స్టాండు వేసి, ఘాటుకి రెండుసార్లు తుమ్మి, మంచం దగ్గరికి వెళ్లాడు. "లాలన్నా, బాగున్నవా?" లాలు అతని వైపు చూశాడు. చూపు నిలబడింది కానీ పెదవి కదల్లేదు. కిందటి నెల వచ్చినప్పుడు కనీసం గొంతులో ఒక గురక లాంటిదైనా వచ్చింది.

లాలు ఒకప్పుడు తండాలో పెద్ద మాటకారి. పంచాయితీ ఎక్కడ కూర్చున్నా అతనుండాల్సిందే. ఎదుటివాడు గంటసేపు చెప్పుకున్నా నిమ్మళంగా విని, చివరికి "అబద్దం" అని ఒక్క మాట అని కండువా దులిపి భుజాన వేసుకునేవాడు. దాంతో పంచాయితీ మళ్లీ మొదటికొచ్చేది. అలాంటి మనిషి రెండేళ్ల కిందట పత్తిచేలో కూలిపోయాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు, "మాట్లాడిస్తూనే ఉండండి, మాట మళ్లీ రావచ్చు" అన్నాడు. బాలి ఏడాది పాటు మాట్లాడించింది. చేను సంగతులు, మేకల సంగతులు, ఎవరింట్లో ఏం కూర వండారో కూడా చెప్పింది. లాలు వింటూ ఉండేవాడు, నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో బాలితో అతనెన్నడూ వాదించింది లేదు. ఆమె చెప్పేవాటిలో కాదనడానికేమీ ఉండేది కాదు.

కిందటేడు ఉగాదికి ముందు మిర్చి అమ్మి టీవీ కొన్నారు. హమీదే వచ్చి బిగించాడు. సాయంత్రం నలుగురు కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకునే వార్తల చర్చ ఒకటి పెట్టి బాలి రొట్టెలు చేసుకోవడానికి వెళ్లింది. అలా మూడో రోజు, తెర మీద ఎవరో ఒకాయన వేలు చూపిస్తూ ఏదో ఢంకా బజాయించి చెబుతుంటే, మంచం మీంచి వినిపించింది.

"అ... బద్దం."

బాలి చేతిలో జొన్నపిండి గిన్నె జారిపోయింది. ఆ సంగతి చెప్పడానికి మర్నాడు ఆటో ఎక్కి ఏన్కూరు వచ్చి హమీద్ ఇల్లు వెతుక్కుంది. "నీళ్లడగడానికి మాట రాదు, అన్నమడగడానికి మాట రాదు, తిట్టడానికైతే వచ్చింది తమ్మీ," అని నవ్వింది, ఏడ్చింది. చలికాలం వచ్చేసరికి లాలుకి ఇరవై మాటలొచ్చాయి. అన్నీ టీవీలో వాళ్లను అన్నవే. దొంగలు, ఆపు, ఇంక చాలు, నోరు ముయ్. బాలి ఒక్కో మాటనీ వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. ఇరవై ఒకటో మాట తన పేరు. గిన్నె చప్పుడుకి వార్తలు వినపడక విసుక్కుంటూ అన్నాడు. విసుక్కుంటేనేం, పేరు పెట్టి పిలిచాడు కదా అనుకుంది ఆమె.

జనవరి చివర్లో కూతురు సువర్ణ కొత్తగూడెం నుంచి వచ్చింది. అక్కడ నర్సు. వచ్చిన రెండు రోజులూ తన ఫోన్ నెట్టు టీవీకి కలిపింది. అప్పటిదాకా కుదురుగా ఉన్న టీవీకి ఆ రెండు రోజుల్లోనే లోకం సంగతి తెలిసొచ్చింది. తెర మీద ఒక పట్టీ పడింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఇప్పుడా, తర్వాతా అని అడిగింది. తర్వాత అని నొక్కితే మళ్లీ వచ్చింది. మళ్లీ తర్వాత అని నొక్కారు. నాలుగోసారి అడగలేదు, దానంతటదే ఎక్కించుకుంది. ఆ పూట నుంచి తెర మీద కంపెనీ గుర్తు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. అంతకు మించి ఏమీ రాదు.

హమీద్‌కి ఈ టీవీల మీద కోపం ఎప్పటి నుంచో ఉంది. కొన్నది మనం, గోడ మనది, కరెంటు మనది. అయినా కొత్త టీవీ తీయగానే పది పేజీల కాగితం చూపించి ఒప్పుకుంటావా లేదా అంటుంది. ఒప్పుకోనంటే బొమ్మ రాదు. ఈమెయిలు అడుగుతుంది. తండాలో ఎవరికుంది ఈమెయిలు? ఎంతమంది టీవీలకో హమీద్ తన కూతురు ఫరహా ఈమెయిలే కొట్టాడు, ఇప్పుడు ఆ పిల్లకు రోజూ యాభై ప్రకటనలు. రిమోట్ మీద ఏవో కంపెనీల సినిమా దుకాణాలకు నాలుగు బొత్తాలుంటాయి, వాటిని తండాలో ఎవరూ నొక్కరు, పొరపాటున నొక్కితే మాత్రం వెనక్కి రావడం తెలియక అందరూ హమీద్‌కి ఫోన్ చేస్తారు. ఇంతా చేసి, కంపెనీ పంపిన మందు వికటించి టీవీ పడిపోతే, నిజానికి దాన్ని లేపే ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే సరిపోతుంది. హమీద్ అడిగాడు కూడా. ఫైలు బయటికివ్వడం పాలసీ కాదన్నారు. బోర్డు మార్చాలన్నారు. వారంటీ ఉంది కాబట్టి ఊరికే మారుస్తారు. టీవీ నంబరు ఒక్కటి చెబితే చాలన్నారు.

ఆ నంబరు దగ్గరే అంతా ఆగిపోయింది.

నంబరు బిల్లు మీద ఉంటుంది. బాలి బిల్లుని పారేయలేదు సరికదా, పాడవకూడదని ఏన్కూరు జిరాక్సు షాపుకి తీసుకెళ్లి ప్లాస్టిక్ తొడిగించింది. ఆ కాగితం వేడి తగిలితే నల్లబడే రకమని ఆమెకేం తెలుసు, ఆ షాపువాడికే తెలియదు. మిషన్లోంచి బయటికొచ్చేసరికి బిల్లు బొగ్గులా నల్లగా ఉంది. దాన్నే దేవుడి పటం వెనక ఏడాదిగా దాచింది. నంబరు అట్టపెట్టె మీద కూడా ఉంటుంది, ఆ పెట్టెలో కోడి పొదిగింది, తర్వాత చెదలు తిన్నాయి. టీవీ లోపలి మెనూలో ఉంటుంది, టీవీ వెలగదు. లోపల బోర్డు మీద ఉంటుంది, మూత విప్పకూడదు. బిగించిన రోజు హమీద్ ఫోన్లో ఎక్కించాడు, కొత్త యాప్ వచ్చాక పాత వివరాలు కనబడవు. మిగిలింది టీవీ వెనక అంటించిన తెల్ల కాగితం.

మొదటిసారి వచ్చిన రోజు హమీద్ టీవీని గోడ మీంచి దించి వెనక్కి తిప్పి చూశాడు. తెల్ల కాగితం పసుపుపచ్చగా ఉంది, మధ్యలో ఎర్రటి బొట్టు. నంబరులో ముందున్న ఆరంకెలు కనిపిస్తున్నాయి, వెనకటి ఎనిమిదీ లేవు. పసుపు మరక మీద ఫోన్ లైటు వేసి, భూతద్దం పెట్టి, ఎటు తిప్పి చూసినా లేవు. ఆ ఫోటో చూసి కంపెనీ వాళ్లు "ద్రవ పదార్థం, కస్టమర్ తప్పిదం" అని రాశారు.

అది కస్టమర్ తప్పిదం కాదని హమీద్‌కి తెలుసు. నలభై ఒక్క రోజులుగా అది అతని గొంతులో ముల్లులా ఉంది.

బాలి చేతులు దులుపుకుని లేచి లోపలికి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. తనకొకటి పెట్టుకుని అతనికొకటి ఇచ్చింది. లాలుకి చెంచాతో పట్టడానికి వేరే గ్లాసులో చల్లార్చింది.

"నిన్న కూడ ఫోన్ చేసిన తమ్మీ ఆ కంపెనీ నంబరుకి," అంది. "చెవుకి పెట్టుకుని అరగంట నిలబడ్డ. ఒక పిల్ల మాట్లాడుతది. మంచిగ, తియ్యగ మాట్లాడుతది. మీ కాల్ మాకు ముఖ్యం అంటది. నేనేమన్నా మళ్ల గదే అంటది. మనం చెప్పేది ఇనదు."

"అది పిల్ల కాదక్క. రికార్డింగ్."

"అవ్, సువర్ణ గూడ గట్లనే చెప్పింది. అయినా గంత మంచిగ మాట్లాడుతుంటే మధ్యలో పెట్టెయ్య బుద్ధి కాదు."

హమీద్ టీ తాగాడు. ఏం చెప్పి ఆ కోడ్ తీసుకోవాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. 'పైకి పంపాలి, ఒక నంబరు చెప్పక్కా' అంటే చాలు, ఆమె చెప్పేస్తుంది. కంపెనీ ఫీల్డ్ పార్టనర్లని పిలిచే మిగతా మెకానిక్‌లందరూ అలాగే తీసుకుంటారు. కానీ ఆమె చెంచాతో లాలు పెదవుల మధ్య టీ పోసి, కారిపోయినదాన్ని కొంగుతో తుడుస్తుంటే అతనికి ఆ మాట నోట్లోంచి రాలేదు. దానికి బదులు ఇంకో మాట వచ్చింది.

"బాలక్కా, నీకో మాట చెప్పాలె. తప్పు నాది."

"ఏంది తప్పు?"

"టీవీ బిగించిన దినం నువ్వు పసుపు కలుపుకొచ్చినవ్. యాదుందా? ముందల అద్దానికి పెట్టబోతే నేనే వద్దన్న. మరక పడితే పోదన్న. ఎనక తెల్లకాయితం ఉంది, దాని మీద పెట్టు, మనుషులకు కనపడదు, దేవుడికైతే కనపడతది అన్న. నవ్వుకుంట చెప్పిన."

"అవ్, చెప్పినవ్."

"ఆ కాయితం మీదనే నంబరుండె. నాకు తెలిసి గూడ చెప్పిన. ఒక్కసారి పెడితే ఏమైతదిలే అనుకున్న."

బాలి తల అడ్డంగా ఊపింది. "ఒక్కసారెక్కడ," అంది నెమ్మదిగా. "శుక్రారం శుక్రారం గోడ సందుల చెయ్యి పెట్టి తడిగుడ్డతోని తుడిచి కొత్తగ పెట్టేదాన్ని. ఆయనకు మాటొచ్చింది దాంతోనే గదా. గా మాత్రం చెయ్యొద్దా?"

నలభై శుక్రవారాలు. ఒక్కో వారం ఒక్కో అంకె కొంచెం కొంచెంగా తడిగుడ్డకి అంటుకుని పోయిందన్నమాట. హమీద్ కళ్లెత్తలేకపోయాడు. ఆమె తిడితే బాగుండుననిపించింది. తండాకు తండా అంతా అతని మాట మీద నమ్మకంతో టీవీలు కొన్నది, ఫ్రిజ్జులు కొన్నది.

"నువ్వు చెప్పకపోతే అద్దం మీదనే పెట్టేదాన్ని తమ్మీ," అంది బాలి. "అప్పుడు అద్దం పాడుచేసిన అనేటోళ్లు. ఆళ్లకు ఏదో ఒకటి గావాలె. నువ్వు మనసుల పెట్టుకోకు."

ఫోన్ మళ్లీ మోగింది. హమీద్ కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు.

"ఎవరు?"

"మా సారు. ఇయ్యాల నీ కంప్లైంటు బంద్ చెయ్యాలంట." ఇంక దాచడం చేతకాక అంతా చెప్పాడు. కోడ్ అంటే ఏమిటో, దాని పేరేమిటో, అది కొడితే కంపెనీ ఏమని రాసుకుంటుందో, కొట్టకపోతే తన ఐడీ ఏమవుతుందో అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరిదో లాగా, అరిగిపోయినట్టుగా వినిపించింది.

బాలి మిరపకాయల దగ్గరికి వెళ్లి మళ్లీ కూర్చుంది. నాలుగు కాయలు ఏరింది.

"కోడ్ ఇయ్యకపోతే నా టీవీ బాగైతదా?"

"కాదక్క."

"ఇస్తే నీ బువ్వ నిలబడతది."

"అవ్."

"మరి ఇంకేంది తమ్మీ ఇందుల."

"నువ్వు సంతోషంగున్నవని రాసుకుంటరక్క."

"రాసుకోనీ. రేషన్ కార్డుల నాకు నలభై ఏండ్లని రాసిండ్రు, ఆధార్ల డెబ్భై అని రాసిండ్రు. నేనేమన్నా అన్ననా? గిదొకటి." మిరపకాయల చేతులతో ఫోన్ ముట్టుకోకుండా గడప వైపు గడ్డం చూపించింది. "ఆడుంది సూడు. అంకెలొస్తే నువ్వే సూసుకో."

హమీద్ తన ఫోన్లో పని అయిపోయిందని నొక్కాడు. కారణం అడిగింది. జాబితాలో ఉన్నవి ఐదు. పురుగులు, నీళ్లు, ఎలుక, పడిపోవడం, ఇతర కస్టమర్ తప్పిదం. కంపెనీ తప్పిదం అనేది పైనుంచి కిందికి వెతికినా లేదు. ఆఖరిదాని మీద వేలు పెట్టాడు, దాంతో టీవీకి వారంటీ పోయినట్టే. గడప మీద బాలి ఫోన్ టింగుమంది. ఏడు, నాలుగు, సున్నా, రెండు. ఒక్కో అంకె కొడుతుంటే సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనూ బాగుకాని టీవీని బాగైందని చెప్పి బయటికి రాలేదు అతను. ఇవాళ యాభై మూడో ఏట ఆ పని కూడా అయింది.

బండి మీద వినపడదని అతని ఫోన్ గొంతు ఎప్పుడూ పూర్తిగా పెంచే ఉంటుంది. దాని సంగతి మరిచిపోయాడు. ఆఖరి అంకె కొట్టగానే తప్పెటలు మోగినట్టు ఒక సంగీతం, దాని వెనక ఆడగొంతు, వాకిలంతా వినపడేలా వచ్చాయి.

"అభినందనలు! మీ కస్టమర్ ఎంతో సంతోషంగా ఉన్నారు. వారి ఆనందమే మా ఆశయం."

"అ... బద్దం."

హమీద్ ముందు బాలి వైపు చూశాడు. ఆమె తాలుకాయ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇద్దరూ మంచం వైపు తిరిగారు. లాలు తల ఇటు తిప్పి ఉంది. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది, పంచాయితీలో కండువా దులిపే ముందు లేచినట్టే. అతని చూపు బాలి మీద లేదు, హమీద్ మీద లేదు, ఫోన్ మీద ఉంది.

బాలి లేచి పరుగున వెళ్లింది. మంచం పట్టె పట్టుకుని, "ఏమన్నవ్? మళ్ల అను, ఒక్కసారి మళ్ల అను," అంది. లాలు ఆమెను చూసి మెల్లగా కళ్లు ఆర్పాడు, అంతే. ఆమెకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. మిరప చేతులు కదా, తుడుచుకోవడానికి లేదు. మోచేత్తో తుడుచుకోబోయి అది కూడా మండి, ఏడుస్తూనే నవ్వింది.

"మళ్ల అనిపియ్ తమ్మీ దానితోని."

"అది ఒక్కసారే అంటదక్క. కంప్లైంటు మూసినప్పుడే." అన్నాడు హమీద్. ఫోన్లో మురళీకృష్ణ నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది, కింద 'సూపర్ అండి' అని. దాన్ని పక్కకి తోసేశాడు. "నేను శుక్రారం నమాజ్ అయినంక వస్త. కంపెనీ సంచి తేను, నా పాత సంచి తెస్త. అద్దం పగిలి మూలన పడ్డ టీవీ ఒకటి ఏన్కూరులనే ఉంది, ఇదే రకం. దాని బోర్డు దీనికి ఎక్కుతదేమో చూస్త. ఎక్కుతదని మాటియ్యను. మూత మాత్రం ఇప్పుత. ఇంక ఆ సీలుకు భయపడేదేముంది, వారంటీ నేనే తీసేసిన గదా."

"శుక్రారం దాక?" అంది బాలి. శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆమె మంచం మీది మనిషిని చూసింది. నాలుగు రోజుల్లో మళ్లీ ఎంత లోపలికి జారిపోతాడో అన్న భయం ఆమె మొహంలో దాచకుండా ఉంది.

అప్పుడు తట్టింది హమీద్‌కి. గడప మీదున్న ఆమె ఫోన్ తీసుకున్నాడు. ఈ నలభై ఒక్క రోజుల్లో ఆమె ఎక్కువసార్లు చేసింది కంపెనీ నంబరుకే కావడంతో వెతుక్కోనక్కర్లేకపోయింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఆమె ఎప్పుడూ చెవికి అదుముకునే విన్నది, ఒక్కరోజు కూడా లాలు చెవిన పడలేదు. హమీద్ స్పీకరు నొక్కి, ఫోన్ని మంచం మీద లాలు దిండు పక్కన పెట్టాడు. తెలుగు కోసం రెండు నొక్కాడు, టీవీ కోసం నాలుగు నొక్కాడు, మాట్లాడడానికి తొమ్మిది నొక్కాడు. పాట వచ్చింది. తర్వాత ఆ తియ్యటి గొంతు వచ్చింది.

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది. మా ప్రతినిధి కొద్దిసేపట్లో మీతో మాట్లాడతారు."

లాలు కనుబొమ్మ లేచింది. పెదవులు రెండుసార్లు తడబడ్డాయి, మూడోసారి కుదిరాయి.

"అబద్దం."

"ప్రస్తుతం మా ప్రతినిధులందరూ ఇతర కస్టమర్లతో బిజీగా ఉన్నారు. దయచేసి లైన్లో ఉండండి."

"దొం... గలు."

బాలి ఒక వేలు మడిచింది, తర్వాత రెండోది మడిచింది. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. హమీద్ కూడా నీలం చొక్కాకి మట్టి అంటుకుంటుందని చూడకుండా ఆమెకు ఎదురుగా చతికిలబడ్డాడు. పాట మళ్లీ మొదలైంది, గొంతు మళ్లీ వచ్చింది, వేచి ఉన్నందుకు ధన్యవాదాలు చెప్పింది. లాలు దానికీ ఏదో అన్నాడు, అది ఇద్దరికీ సరిగ్గా అర్థం కాలేదు, కొత్త మాట.

నలభై ఒక్క రోజులుగా ఆ ఫోన్ అవతల ఒక్క మనిషైనా ఎత్తితే బాగుండునని కాచుకున్న హమీద్, ఆ వేపచెట్టు కింద కూర్చుని మాత్రం, యా అల్లా, ఇంకాసేపు ఎవరూ ఎత్తకుండా చూడు అనుకున్నాడు.